కల్యాణమునకు వచ్చినవారు



కల్యాణ పట్టణమును గూర్చి మనము ప్రవచనములలో పలుమారులు వినియున్నాము. అనుభవ మంటపమును, అందలి శూన్య సింహాసనమును, బసవేశ్వరుని మహామనెలో ఎడతెగక సాగిన దాసోహమును వర్ణించి చెప్పని వక్త లేడు. కాని ఆ మంటపమున కూర్చున్నవారు ఎక్కడివారు అని అడిగినవారు అరుదు. నేడు ఆ ప్రశ్నతో ఆరంభింతము.

అల్లమప్రభువు బళ్లిగావెకు చెందినవాడు. అక్కమహాదేవి ఉడుతడి విడిచి, అడవులు కొండలు దాటి ఒంటరిగా నడచి వచ్చినది. సిద్ధరామయ్య సొన్నలిగె నుండి, అనగా నేటి సోలాపురము నుండి వచ్చెను. తోళ్లు శుద్ధిచేయు డోహర కక్కయ్య మాళవ దేశమువాడని సంప్రదాయము. ఏరుకొన్న బియ్యముతో జంగమారాధన చేసిన ఆయ్దక్కి మారయ్య రాయచూరు ప్రాంతపు అమరేశ్వరము నుండి భార్య లక్కమ్మతో వచ్చెను. కిన్నర బ్రహ్మయ్యది మన తెలుగునేల. ఇక మోళిగ మారయ్య కాశ్మీరమునుండి వచ్చెనందురు. బసవేశ్వరుడు మాత్రము అక్కడ పుట్టినవాడా? బాగేవాడిలో పుట్టి, ఉపనయనమును నిరాకరించి ఇల్లు విడిచి కూడలసంగమమున పెరిగి, మంగళవేఢెలో కొలువుచేసి, ఆ పిమ్మటనే బిజ్జలుని భండారిగ కల్యాణమునకు వచ్చెను. ఊరు విడిచి పొట్టకూటికో, ప్రాణరక్షణకో, ధర్మమునకో పరస్థలము చేరినవారిని వలసవచ్చినవారందుము. ఆ లెక్కన అనుభవ మంటపము వలసవచ్చినవారి సభయే.

ఈ మాట గుర్తుంచుకొని మోళిగ మారయ్య కథను మరల విందము. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన కథలలో నాకు మిక్కిలి ప్రియమైనది ఇది. కాశ్మీర రాజ్యము విడిచి వచ్చెనను మాట తరువాతి గ్రంథములు చేర్చినది కావచ్చును. దానితో మనకు వివాదము లేదు. కట్టెలు కొట్టి అమ్ముకొను శరణుడొకడు కల్యాణమున ఉండెనన్నంతవరకు అందరును ఏకీభవింతురు. మోళిగ యనగా కట్టెల మోపు. ప్రొద్దున అడవికి పోవుట, మోపు నెత్తిన పెట్టుకొని వచ్చి అమ్ముట, వచ్చిన దానితో జంగములకు ఆరోగణ చేయించుట, ఇదియే ఆయన దినచర్య. తలపై మోపుతో వీధివెంట పోవువానిని చూచి పురజనులు ఏమనుకొనియుందురో ఊహించుట కష్టము కాదు. వాని మాటతీరు వేరు, కట్టు వేరు. వానిని పిలుచుటకు పేరైన సరిగ లేదు. కట్టెల మోపే వాని యింటిపేరైనది.

వాని దాసోహ నిష్ఠ బసవేశ్వరుని చెవిని పడెను. ఒకనాడు ఆయన జంగమ వేషము ధరించి, మారయ్య అడవికి పోయిన సమయమున వాని యింటికి పోయెను. ఇల్లాలు ఉన్నదానితో ఆదరించి ఆరోగణ చేయించెను. ఆ గుడిసె లేమిని చూచి బసవని హృదయము కరగెను. వెడలునపుడు ఎవరికి తెలియకుండ బంగారు నాణెములు అచ్చట దాచి వచ్చెను. మారయ్య ఇంటికి వచ్చి, నాణెములు చూచి, ఇది బసవన్న పని యని గ్రహించెను. ఆనందించెనా? లేదు. ఆయనకు కష్టము కలిగెను. ఆ ధనమును తాను ముట్టక జంగములకు ఇచ్చివేసెను. పాదోదకము సోకి కట్టెలే బంగారమైనవని కథ చెప్పుచున్నది. బసవేశ్వరుడు తానే తరలివచ్చి ఆయనను మన్నింపు వేడెను.

కట్టెలు బంగారమగుట మహిమ. దానిని భక్తితో విని ఒక ప్రక్కన ఉంతము. మిగిలిన కథలో వింత యేమన, రాజ్యపు భండారము తాళపుచెవులు చేతనున్నవాడు కట్టెలవానిని మన్నింపు అడుగుట. అదియు ధనము ఇచ్చినందుకు! ఇచ్చుట ఎట్లు తప్పగును? మారయ్యకు లేనిదేమో బసవేశ్వరుడు ఆ దినమున సరిగ ఎరుగడయ్యెను. వాని గుడిసెలో పిండి తక్కువై యుండవచ్చును గాని, వాని కాయకమున కొరత లేదు. దయతలచి దాచిన నాణెము ఆ కాయకమును చిన్నబుచ్చెను. పొరపాటు తెలిసిన క్షణముననే వచ్చి ఎదుట నిలిచెను గనుకనే బసవన్న బసవన్న అయ్యెను. వలసవచ్చిన వానిని తరిమికొట్టువాడు ఒక విధముగ అవమానించును. జాలిపడి చిల్లర విసరువాడు మరియొక విధముగ అవమానించును. మన సమాజమున మొదటివారిని నిందించుచు రెండవవారిని మెచ్చుకొను అలవాటున్నది. కథ మాత్రము ఆ మెప్పునకు అవకాశ మీయలేదు.

కల్యాణపు కథ అంతటితో నిలువలేదు. హరళయ్య, మధువయ్యల యిండ్ల మధ్య కలిగిన సంబంధము, దానికి వారు పొందిన ఘోరశిక్ష, బిజ్జలుని వధ మీరెరిగినవే. 12వ శతాబ్దపు ద్వితీయార్ధమున, 1167-68 ప్రాంతమున, కల్యాణము చెదరిపోయెను. వచ్చినవారందరు మరల దారిపట్టిరి. చెన్నబసవన్న మొదలగువారు వచనముల తాళపత్రములు మూటగట్టుకొని, వెంబడించు సైనికులను తప్పించుకొనుచు పడమటి అడవులలోని ఉళవికి చేరిరి. నేడు మనము ఉళవికి యాత్ర పోవుదుము. బండ్లు కట్టుకొని, కొబ్బరికాయలు పట్టుకొని పోవుదుము. ఆనాడు అక్కడికి పోయినవారు యాత్రికులు కారు, ప్రాణములు దక్కించుకొన పారిపోయినవారు. అడవిలో వారికి చోటిచ్చినవా రెవరో, గంజి పోసినవా రెవరో, వారి పేర్లు ఏ పురాణమున లేవు. ఆ పేరులేనివారు ఆ దినమున తలుపు మూసియుండినచో వచనములు మనవరకు వచ్చియుండునా?

ఇట్టిదే మరియొక అడవిదారి మనకు చేరువనే యున్నది. 2005 తరువాత దక్షిణ బస్తరులో సల్వాజుడుం పేరిట ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినపుడు, ఒకవైపు మావోయిస్టుల తుపాకి, మరొకవైపు జుడుం వారి తుపాకి నడుమ నలిగి, వేలకొలది కోయలు, మురియలు సరిహద్దు దాటి నాటి ఖమ్మము జిల్లా అడవులకు వచ్చిరి. మనవారు వారిని గుత్తికోయలందురు. ఆదివాసి యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగ నియమించుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పెను. తీర్పు వచ్చినది గాని వచ్చినవారిలో పెక్కురు తిరిగి పోలేదు. పోవుటకు ఊరు మిగులలేదు. మిరపచేలలో కాయ కోయుచు, అడవిలో గుడిసెలు వేసికొని యుండిరి. బస్తరులో షెడ్యూల్డు తెగవారైన వీరికి గోదావరి తీరమున ఆ ధ్రువపత్రము దొరకుట దుర్లభమైనది. గుడిసెలు కూల్చబడిన దినములు కలవు. వీరికిని ఉళవి చేరినవారికిని భేదమేమి? వీరికి వ్రాసిపెట్టు సోమనాథుడు లేడు, అంతే.

ఇతరుల మాట యెందుకు, మనవారిని చూతము. సొన్నలిగె సిద్ధరామయ్య చెరువు త్రవ్వించి, బాటసారులకు నీడ, నీరు కల్పించి కాయకయోగియై వెలసిన ఊరు సోలాపురము. ఆ ఊరికి తెలంగాణము నుండి పద్మశాలీలు తరములుగ వలస పోయిరి. మగ్గము మీదను, మిల్లులలోను, తరువాత పవర్‌లూములపైనను పనిచేసి సోలాపురపు దుప్పటికి దేశమంతట పేరు తెచ్చిరి. ఆడవారు బీడీలు చుట్టిరి. నేటికిని ఆ ఊరి తూర్పు పేటలలో తెలుగు వినవచ్చును, మార్కండేయుని గుడి కలదు. సంక్రాంతికి జరుగు సిద్ధేశ్వరుని జాతరలో మరాఠీ, కన్నడము, తెలుగు మాటలాడువారందరు ఒకే వీధిలో నిలిచి నందిధ్వజములు చూతురు. బొంబాయి, భీవండీలలోను మన నేతవారు, మన పాలమూరు కూలీలు కలరు. ఆనకట్టయైనను కాలువయైనను పాలమూరు వారి చేయి పడని పెద్ద కట్టడము దేశమున తక్కువ.

కాని అక్కడి దినములన్నియు జాతర దినములు కావు. 1966లో బొంబాయిలో శివసేన ఏర్పడిన తొలినాళ్లలో దక్షిణాదివారిపై ద్వేషము రగిలినది. మన లుంగీని, మన మాటను ఎగతాళి చేసిరి. ఫలహారశాలలపై రాళ్లు పడినవి. ఉద్యోగములు మావి, మీరెక్కడివారు అని అడిగిరి. తరువాత 2008లో అదే మహారాష్ట్రమున అదే ప్రశ్న ఉత్తరాదివారి మీదికి తిరిగినది. ప్రశ్న మారలేదు, అడుగబడు వారు మారిరి. నాడు బొంబాయిలో ఆ ప్రశ్న విన్నవారి మనుమలు నేడు మన పట్టణములలో అదే ప్రశ్న ఇతరులను అడుగుచుండుట చూచితిమి.

2025 ఆగస్టులో తెలంగాణమున “మార్వాడీ గో బ్యాక్” అను కేక వినబడినది. సికింద్రాబాదులో ఒక తగవుతో రాజుకొన్న కోపము బందు పిలుపుల వరకు పోయినది. చిన్న వర్తకుని కష్టము నేను కాదనను. పెద్ద పెట్టుబడి ముందు ఊరి దుకాణము నిలువలేకపోవుట నిజమైన బాధయే. ఆ బాధకు లెక్కలు, పన్నులు, అప్పులు, చట్టములు చర్చింపవలసినదే. కాని తగవు ఒకనితో నున్నచో ఒకనితో తీర్చుకొనవలయును. ఆ భాష మాటలాడు ప్రతివానిని పొమ్మనుట ఏ న్యాయము? శరణులలో ఆదయ్య కలడు. సౌరాష్ట్రమునుండి సరకులతో వ్యాపారమునకు బయలుదేరి పులిగెరెకు వచ్చి స్థిరపడిన వర్తకుడు. ఆ ఆదయ్య నేడు మన అంగడివీధిలో గుడ్డల దుకాణము తెరచినచో మన యువకులు వానిని ఏమని పిలిచియుందురు? మన పండుగకు చందా అడుగుటకు మాత్రము మొదట వాని దుకాణమే ఎక్కియుందుము.

వర్తకునికి చేత ధనము, వెనుక సంఘము ఉన్నవి. ఏమియు లేనివారి మాట చెప్పవలసియున్నది. ఒడిశా పడమటి జిల్లాలలో బలంగీరు, నువాపడా, కలహండి అను కరవుసీమలు కలవు. అక్కడి పేదలు వానకాలపు పంట ముగియగనే సర్దారు చేతినుండి బయానా తీసికొందురు. ఇంట పెండ్లికో, వైద్యమునకో, పాత అప్పుకో ఆ సొమ్ము చేతిలోనుండగనే చెల్లిపోవును. తరువాత భార్యాబిడ్డలతో రైలెక్కి మన పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి జిల్లాల ఇటుకబట్టీలకు వత్తురు. కార్తికము, మార్గశిరములలో వచ్చినవారు తొలకరి వరకు ఉందురు. కూలి దినమునకు కాదు, ఇటుకల లెక్కకు. అందుచేత మగడు మట్టి తొక్కగ, భార్య అచ్చు పోయగ, పిల్లలు ఇటుకలు తిరగవేయుదురు. తాము నిలబడలేని ఎత్తున ఆకులు, రేకులు కప్పిన పాకలలో పడుకొందురు. లెక్క సర్దారు పుస్తకమున నుండును. బయానా తీరినదో లేదో వ్రాసినవానికే తెలియును. పని విడిచి పోదమన్న పోనీయరు. ఇట్టివారికొరకే పార్లమెంటు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము చేసినది. దారి ఖర్చు, నివాసము, వైద్యము ఈయవలెనని అందు వ్రాసినది. ఆ చట్టము తరువాత 2020 నాటి కార్మిక స్మృతిలో కలిసినది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976 నాటిది. చట్టములకు లోటు లేదు. బట్టీ గట్టున నిలుచుండి వానిని చదివి వినిపించువారు లేరు.

ఆ బట్టీలు ఎవరివి? కొన్ని మనవారివి. మెడలో లింగము, నొసట విభూతి ధరించి, నిత్యము పూజ చేసికొని, పిదప బట్టీకి పోయి సర్దారుతో లెక్కచూచు గృహస్థులు మన సంఘమున కలరు. వారిలో మంచివారును కలరు. పిల్లలకు ఒడియా భాషలోనే పాఠము చెప్పించుటకు పనిచోటనే బడులు తెరచినపుడు స్థలమిచ్చి సహకరించిన యజమానులు కొందరు కలరని సంతోషముతో చెప్పుచున్నాను. అయినను అడుగవలసినది అడుగవలయును. ఏరుకొన్న బియ్యము ఆ దినపు అవసరమునకు మించినదని మిగులును తిరిగి పోసి రమ్మని మగనికి చెప్పిన లక్కమ్మ మార్గము మనది. ఆమె ముందు మన బట్టీ పుస్తకము తెరచి చూపగలమా?

2020 మార్చి 25న దేశమంతట తాళము పడినపుడు ఈ కార్మికులు ఎందరున్నారో లోకమునకు మొదటిసారిగ తెలిసినది. అంతవరకు వారు కనబడుచునే యున్నను ఎవరును చూడలేదు. సంగారెడ్డి జిల్లా కంది వద్ద పెద్ద కట్టడమున పనిచేయుచున్న ఝార్ఖండు వారు, మరి కొందరు కలిసి సుమారు 1200 మంది, మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషనులో రైలెక్కి రాంచీ చెంతనున్న హటియాకు పోయిరి. వలస కార్మికులకొరకు దేశమున నడచిన మొదటి ప్రత్యేక రైలు అది. వారము తిరుగగనే మరియొక చిత్రము జరిగినది. మే 8న బీహారు ఖగడియా నుండి అదే లింగంపల్లికి ఒక రైలు వచ్చినది. అందు వచ్చినవారు హమాలీలు. యాసంగి వడ్లు కుప్పలుగ పడియున్నవి, మిల్లులలో బస్తా లేపువాడు లేడు, కావున పిలువబడిరి. అందరును ఇండ్లకు పోవుచున్న దినములలో ఇల్లు విడిచి మన వడ్లు మోయుటకు వచ్చిన వీరిని నాడు స్టేషనులో పూలిచ్చి స్వాగతించిరి. మంచిదే. ఆ పిమ్మట ఇన్ని పంటలు వచ్చినవి. వారిలో ఒక్కనికైనను మన వీధిలో గది అద్దెకు దొరకినదా? “బీహారీలా? వద్దు” అనునది మన వీధులలో వినబడని మాట కాదు.

గది మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. “ఇల్లు అద్దెకు ఇవ్వబడును” అను పలక వ్రేలాడదీసి, అడుగవచ్చినవాని పేరు విని ముఖము మార్చుట మన పేటలలో నిత్యవ్యవహారమైనది. ముస్లిం పేరు వినగనే ఇల్లు నిన్ననే కుదిరిపోయినదందురు. క్రైస్తవుడన్నచో ప్రార్థన సభలు పెట్టుదువా యని విచారింతురు. దళితుడని తెలిసినచో శాకాహారులకే ఇత్తుమందురు, శాకాహారియైనను ఇయ్యరు. 2020 ఏప్రిలులో రోగభయము ముదిరిన దినములలో ముస్లిం కూరగాయలవారి తోపుడుబండ్లను వీధిలోనికి రానీయని సంఘటనలు దేశమున పలుచోట్ల జరిగినవి. రోగమునకు మతము లేదని వైద్యులు చెప్పవలసి వచ్చినది. దేశమునందు ఎక్కడనైనను నివసించి స్థిరపడు హక్కును రాజ్యాంగపు 19వ అధికరణము ప్రతి పౌరునికి ఇచ్చినది. ఆ హక్కు ఢిల్లీలో వ్రాయబడినది గాని, అది చెల్లునదియు చెల్లనిదియు మన గుమ్మమున.

ఈ సంఘము ఇతరుల అల్పసంఖ్యను గూర్చి మాటలాడునపుడు తన సంఖ్యను మరువరాదు. తెలుగు నేలపై మనమెందరము? జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు 1956కు ముందు బీదరు జిల్లాలోనివి. ఆ యేడు నవంబరు 1న రాష్ట్రముల గీత మారినది. బీదరు మైసూరునకు, ఉదగీరు బొంబాయి రాష్ట్రమునకు, ఇవి ఆంధ్రప్రదేశమునకు పోయినవి. నిదురలేచు సరికి ఇంటిలో కన్నడము మాటలాడు కుటుంబములు అల్పసంఖ్యాకులైనవి. వారు ఇల్లు కదలలేదు, గీత కదలినది. కచేరీలో అర్జీ ఏ భాషలో వ్రాయవలెనో తెలియక నిలువబడిన పెద్దలు ఆనాడుండిరి.

ఇక మనకు రుచింపని మాట యొకటి చెప్పవలయును. మనము ఎల్లప్పుడు బాధింపబడిన పక్షమే కాదు. ఏకాంత రామయ్య కథ మన పురాణములలో కలదు. అబ్బలూరు శాసనమునను కలదు. శిరస్సు నర్పించి మరల పొందెనని, జైనులు పందెమున ఓడిరని, వారి బసది కూల్చబడినదని అందు చెప్పబడినది. మన పురాణకవులు జైనులను, బౌద్ధులను గూర్చి పలికిన పలుకులలో కొన్నిటిని నేటి సభలో చదువుటకు నాలుక ఆడదు. సోమనాథుని పాదములకు నమస్కరించియే ఈ మాట చెప్పుచున్నాను. ఆ కాలపు వివాదములు ఆ కాలపువి. రాజాశ్రయము కొరకు మతములు ఒకదానితో నొకటి పోరిన దినములవి. మహాకవి వ్రాసెను గనుక ద్వేషమును భక్తియని నేర్పినచో మన పిల్లలకు అన్యాయము చేసినవారమగుదుము. ఆ భాగము వచ్చినపుడు దాటవేయుటయు మంచిది కాదు. చదివి, ఇది జరుగరాని పని యని చెప్పి ముందునకు పోవలయును.

దీనికి ప్రతిగ చూపదగిన స్థలము తెలంగాణముననే కలదు. ఆలేరు చెంతనున్న కొలనుపాక. రేణుకాచార్యులు సోమేశ్వర లింగమునుండి ఉద్భవించిరని వీరశైవులు కొలుచు క్షేత్రమది. పలు కులముల పేర అక్కడ మఠములు వెలసినవి. ఆ ఊరిలోనే ఆదినాథుని మాణిక్యదేవుడని అర్చించు జైన తీర్థమున్నది. గుజరాతు, రాజస్థానముల నుండి యాత్రికులు వత్తురు. సోమేశ్వరునికి పోవు బండియు, మాణిక్యదేవునికి పోవు బండియు ఆలేరు స్టేషను చెంతనే బయలుదేరును. మార్వాడీని పొమ్మనువారు ఒక్కమారు ఆ బండిలో కూర్చుండి పోయి రావలయును.

బీదరు చెంత అష్టూరులో బహమనీ సుల్తాను అహమ్మదు షా వలీ సమాధి కలదు. 1436లో ఆయన గతించెను. ముస్లిములు వలీ యని, మనవారు అల్లమప్రభువు అంశయని తలతురు. ఏటేట హోలీ పండుగ వెళ్లిన తరువాత జరుగు ఉత్సవమునకు గుల్బర్గా ప్రాంతపు మాడ్యాళము నుండి ఒక జంగమస్వామి పరివారముతో నడచివచ్చి శంఖమూది, కొబ్బరికాయ కొట్టి, పూలు సమర్పించును. దీనిని ఎవరును చట్టము చేసి నడపలేదు. తాతలనాటి నుండి పోవుచున్నారు గనుక పోవుచున్నారు. ఇట్టివానిని విడదీయుటకు ఉత్సాహపడువారు ఈ కాలమున పెరుగుచున్నారు. వారి మాట వినబోవు ముందు ఆ నడకదారిని గూర్చి తెలిసికొనుడు.

ఇంతవరకు విన్నవారిలో ఆచారవంతులైన పెద్దలకు ఒక సందేహము కలుగును. అది న్యాయమైనదే. “స్వామీ! లింగధారణ లేనివాడు భవి కదా. భవితో పంక్తి శరణులకు నిషిద్ధము కదా. ఈ ఒడియావానిని, బీహారువానిని, తురకవానిని దాసోహమున ఎట్లు కూర్చుండబెట్టుదుము? వేరుగ పెట్టి పంపినచో చాలదా?” అని అడుగుదురు.

భవి యను పదము శరణులనాడు దేనికి పుట్టినదో చూడవలయును. పుట్టుకచేత గొప్ప యనుకొనువాని గర్వమును అడ్డుటకు పుట్టినది. రాజైనను, వైదికుడైనను దీక్ష లేనిచో భవియే. మాదిగయైనను దీక్ష కలిగినచో భక్తుడే. పైనున్నవానిని క్రిందికి దింపుటకై చేసిన ఈ పదమును తీసికొనిపోయి క్రిందనున్నవానిని మరింత దూరము నెట్టుటకు వాడుట శరణుల అభిప్రాయమునకు విరుద్ధము. లింగము ధరించియు ఆచారము తప్పినవానిని భవియని నిందించిన వచనములు పెక్కు కలవు. కూలి ఎగగొట్టి దాసోహము పెట్టువాడు ఏ వర్గములోనివాడో మీరే ఆలోచించుడు. బసవేశ్వరుడు తన్ను మాదార చెన్నయ్య యింటి బిడ్డగ చెప్పుకొనెను. వచ్చినవాని వంశము విచారింపక తన యింటివానిగ తలచు బుద్ధి నిమ్మని సంగమనాథుని వేడుకొనెను. ఆ బుద్ధి తనకు సహజముగ రాదని, అడిగి పొందవలసినదని ఆయనకు తెలియును. బసవన్నకే ప్రార్థింపవలసి వచ్చినదనిన, మనము ఒక్క ప్రవచనము విని మారిపోదుమని నేను భ్రమపడుట లేదు.

పూజాకాలపు నియమములు ఎవరివి వారు పాటింపవచ్చును. వానిని విడువుమని నేను చెప్పను. దాసోహపు చాప వేరు విషయము. వేరు విస్తరి, వేరు మూల, పొట్లము కట్టి బట్టీకి పంపుట, ఇవన్నియు మారయ్య గుడిసెలో దాచిన నాణెముల వంటివి. ఒకే వరుసలో కూర్చుండబెట్టి, పేరు పెట్టి పిలిచి వడ్డింపుడు. వారిచేత ఒక వరుసకు వడ్డింపించుకొనుడు. ఇది మొదటిదానికన్న కష్టము. మఠము గదులు ఖాళీగనున్నచో అద్దెకు దొరకక తిరుగుచున్న కుటుంబమునకు ఇండు, మతము అడుగకుడు. సంఘములో బట్టీలు, మిల్లులు కలవారు బయానా లెక్కను కార్మికునికి తెలిసిన భాషలో వ్రాసి, ఒక ప్రతి వాని చేతికి ఇండు. ఈ చివరి పని ఒక్కటి చేసినను నాకు సంతోషము. తక్కినవి నిదానముగ రావచ్చును.

బసవజయంతి వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చును. బట్టీలు అప్పటికి చల్లారవు, తొలకరి వరకు కాలుచునే యుండును. కాబట్టి మనము పల్లకి ఎత్తి, బాజాలతో ఊరేగు దినమున ఆ కుటుంబములు ఊరి వెలుపలనే, మన మ్రోత వినబడునంత దూరముననే యుండును. ఈ యేడు పిలుపునకు పోవువారు ముందుగ ఒకమారు పోయి, ఎన్ని కుటుంబములున్నవో, ఎవరి పేరేమో వ్రాసికొని రండు. పేర్లు ఒడియాలో నుండును; పలుకుట మొదట తడబడును.